పిల్లల చేతికి సూదీ దారం ఇచ్చి చూడండి!

సెలవులొస్తే చాలు, ఇంట్లో అమ్మలకూ పిల్లలకూ రోజూ ఒకటే గొడవ. టీవీ కట్టేస్తే ఫోను, ఫోను లాక్కుంటే "ఏమీ తోచట్లేదమ్మా" అని సణుగుడు. ఫీజులు కట్టి డ్రాయింగు క్లాసుకీ, కంప్యూటర్ క్లాసుకీ పంపేవాళ్ళు పంపుతారు. మంచిదే. కానీ మన కుట్టుపెట్టెలోనే ఒక చిన్న బడి ఉందన్న సంగతి చాలామందిమి మర్చిపోతున్నాం.

"బజార్లో అన్నీ దొరుకుతుంటే ఈ రోజుల్లో కుట్లూ అల్లికలూ ఎందుకండీ?" అంటారా? నిజమే, టేబుల్ క్లాత్ కావాలంటే కొనుక్కోవచ్చు. పిల్లల వేళ్ళకు రావలసిన పనితనాన్ని మాత్రం ఏ కొట్లోనూ అమ్మరు కదా! పిల్లలకు చేతిపని నేర్పేది గుడ్డ కోసం కాదు, పిల్లల కోసం. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే మిగతాదంతా సులువే.

సూదిలో దారం ఎక్కించే పిల్లను ఒకసారి గమనించండి. చూపు, బొటనవేలు, చూపుడువేలు మూడూ ఒకచోట కుదరాలి. పెన్సిలు పట్టుకోవడానికీ, చొక్కా గుండీలు పెట్టుకోవడానికీ కావలసింది ఆ పట్టే. కుట్టేటప్పుడు ఒక చెయ్యి గుడ్డను పట్టుకుంటే రెండో చెయ్యి సూదిని నడపాలి. ఇక ఊలు అల్లికలో లెక్క కూడా ఉంది. 20 కుట్లతో మొదలుపెడితే వరస చివర 20 ఉండాలి. 19 ఉంటే ఎక్కడో ఒకటి జారిందన్నమాట! తప్పని టీచరు ఎర్ర సిరాతో గీత కొట్టక్కర్లేదు, అల్లికే చెప్పేస్తుంది.

ఇది కొత్తగా పుట్టిన ఆలోచనేం కాదు. ఫిన్లాండు దేశంలో ఊనో సిగ్నేయస్ అనే విద్యావేత్త చొరవతో 1866లోనే చేతిపనిని బడి చదువులో చేర్చారు. జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరంలో 1919లో మొదలైన వాల్డార్ఫ్ బడిలో ఆడపిల్లలతో పాటు మగపిల్లలకూ అల్లికలు నేర్పారు. 1939లో మద్రాసు వచ్చిన మరియా మాంటిస్సోరీ గారి పద్ధతిలో పసిపిల్లలు గుండీలు పెట్టడం, లేసులు కట్టడం నేర్చుకోవడానికి ప్రత్యేకంగా చెక్క ఫ్రేములే ఉన్నాయి. మన గాంధీగారు 1937లో వార్ధా సభలో చెప్పిన చదువులో చేతిపనిదే ముఖ్యస్థానం. తకిలీ మీద నూలు వడుకుతూనే పిల్లలు లెక్కలూ, పత్తి పండే నేల సంగతులూ నేర్చుకోవాలన్నది ఆ పద్ధతి.

ఏ వయసుకు ఏ పని?

మూడు నాలుగేళ్ళవాళ్ళకు పెద్ద పూసలు, గట్టి తాడు ఇవ్వండి. అంతకంటే చిన్నవాళ్ళకు పూసలు వద్దు, నోట్లో పెట్టుకుంటారు.

అయిదారేళ్ళవాళ్ళకు పాత శుభలేఖ అట్ట తీసుకుని, చేప బొమ్మో, మామిడి పిందో గీసి, గీత వెంబడి రంధ్రాలు చేసి ఇవ్వండి. బూటు లేసుతో కుట్టుకుంటూ పోతారు. మూడు పాయల జడ అల్లడం, అరటినారతో పూలు కట్టడం కూడా ఈ వయసులో మొదలుపెట్టవచ్చు.

ఏడెనిమిదేళ్ళకు మొన మొద్దుగా ఉండే ఊలు సూదితో మ్యాటీ గుడ్డ మీద క్రాస్ స్టిచ్ నేర్పండి. గళ్ళు లెక్కపెట్టి కుడివైపు ఉన్నదే ఎడమవైపూ రావాలంటే బుర్ర పని చెయ్యాల్సిందే. లావు సూదులతో ఊలు అల్లిక కూడా ఈ వయసుకు తగినదే.

తొమ్మిది పదేళ్ళకు గుండీ కుట్టడం, హెమ్మింగు, కాడకుట్టు, గొలుసుకుట్టు వచ్చేస్తాయి.

పని పగటి వెలుతురులోనే చేయించండి. సూదులు లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసుకోండి.

మగపిల్లలకు ఎందుకు?

ఎందుకు కూడదు? ఊళ్ళో టైలర్లు చాలామంది మగవాళ్ళే కదా! రేపు హాస్టల్లో ఉండే కుర్రాడికి గుండీ ఊడితే అమ్మ పరిగెత్తుకు వెళ్ళదు.

మా మరిది కొడుకు తొమ్మిదేళ్ళవాడు. ఒకసారి స్కూలు చొక్కా జేబుకు గుండీ తానే కుడతానని కూర్చున్నాడు. కుట్టడమైతే కుట్టాడు గానీ, జేబు ముందూ వెనకా కలిపి కుట్టేశాడు. చెయ్యి దూరదు! మా తోటికోడలు కత్తెర తీసుకోబోతే మా అత్తగారు ఆపారు. "వాడు కుట్టింది వాడే విప్పుకుంటాడు, నువ్వు పప్పు చూసుకో" అన్నారు. ముఖం మాడ్చుకుని విప్పాడు. ఈసారి జేబులో చిన్న అట్టముక్క పెట్టుకుని మళ్ళీ కుట్టాడు. ఆ ఉపాయం వాడికి ఎవరూ చెప్పలేదు!

అసలు చదువు ఆ విప్పడంలోనే ఉందండీ. వంకరగా వచ్చిందని మనం లాక్కుని సరిచేస్తే గుడ్డ బాగుపడుతుంది, పిల్లవాడు మాత్రం "నాకు రాదు" అనుకుంటాడు. అడిగితే దారి చూపండి, సూది మాత్రం అందుకోకండి.

ఇంకో మాట. నరసాపురం వైపు లేసు అల్లే ఆడవాళ్ళకు అది బతుకుతెరువు. ఆ నైపుణ్యానికి చెయ్యెత్తి దండం పెట్టాలి. కానీ కూలి కోసం గంటల తరబడి వంగి కూర్చుని చేసే పని పిల్లలది కాదు. వాళ్ళకు రోజూ అరగంట చాలు. విసుగొస్తే పక్కన పెట్టనివ్వండి. పక్కింటి పిల్లతో పోల్చకండి, చుట్టాలకు చూపించడానికని తొందరపెట్టకండి.

ఖర్చంటారా? పాత దుప్పటి ముక్క, మిగిలిపోయిన ఊలు, రెండు సూదులు, అంతే. ఈ ఆదివారమే మొదలుపెట్టండి. మొదటి ముక్క ఎంత వంకరగా ఉన్నా సరే, వెనకవైపు తేదీ రాసి దాచండి. ఆర్నెల్ల తర్వాత రెండో ముక్క పక్కన పెట్టి చూపిస్తే తను ఎంత నేర్చుకున్నదీ పిల్లలకే తెలుస్తుంది.