బలద్‌లో ఐటీ డైరెక్టర్: రెండు నిచ్చెనల ఉద్యోగం

జెద్దా నగరపు పాత భాగాన్ని బలద్ అంటారు. పగడపు రాతి ఇళ్ళు, చెక్కతో చెక్కిన రోషన్ గవాక్షాలు ఉన్న ఈ పేట 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. దాని అంచునే, నేషనల్ కమర్షియల్ బ్యాంకు కోసం గోర్డన్ బన్‌షాఫ్ట్ రూపొందించిన 27 అంతస్తుల త్రికోణాకార భవనం 1983లో పూర్తయింది. రేవునూ హజ్ యాత్రికులనూ నమ్ముకొని పెరిగిన వర్తకం బ్యాంకుల, కంప్యూటర్ల కాలంలోకి అడుగుపెట్టిన తీరు ఆ కొద్దిపాటి దూరంలోనే కనిపిస్తుంది. ఇటువంటి ఊళ్ళో ఒక విదేశీయుడు ఐటీ డైరెక్టర్ స్థాయికి చేరాలంటే నేర్పు అనే నిచ్చెనతోబాటు చట్టం అనే నిచ్చెననూ ఎక్కాలి.

మొదటి నిచ్చెన తెలిసినదే. సర్వర్లు, నెట్‌వర్కు, డేటాబేసు, ఇఆర్‌పీ - వీటిలో ఏదో ఒకటి క్షుణ్ణంగా తెలిసినవారు కొన్నేళ్ళకు మేనేజర్ అవుతారు. ఆ పై మెట్టుకు వేరే నేర్పు కావాలి: బడ్జెట్‌ను సమర్థించి చెప్పడం, సరఫరాదారులతో ఒప్పందాలు కుదుర్చుకోవడం, చట్టం మారినప్పుడు సంస్థ లెక్కల వ్యవస్థను గడువులోగా మార్చడం. సౌదీలో ఈ మూడవది చాలా బరువైన పని. 2018 జనవరిలో 5 శాతంతో మొదలైన విలువ ఆధారిత పన్ను 2020 జులైలో 15 శాతమైంది. 2021 డిసెంబర్ 4 నుండి ఎలక్ట్రానిక్ బిల్లులు తప్పనిసరి అయ్యాయి. 2023 జనవరి నుండి విడతలవారీగా సంస్థల బిల్లింగ్ వ్యవస్థలను పన్నుల శాఖ వేదికకు అనుసంధానించవలసి వచ్చింది. ఆ బిల్లులు అరబిక్‌లో ఉండాలి. అరబిక్ చదవలేని డైరెక్టర్ తన సంస్థ పంపే బిల్లును సైతం మరొకరి కళ్ళతో చూడవలసిందే.

రెండవ నిచ్చెన ఇఖామాతో, అంటే నివాస అనుమతితో, మొదలవుతుంది. దానిమీద నమోదైన వృత్తికి, చేస్తున్న పనికి పొత్తు కుదరాలి. 2011లో వచ్చిన నితాకత్ విధానం సంస్థలను సౌదీ ఉద్యోగుల నిష్పత్తిని బట్టి వర్గీకరించింది. 2017 జులైలో కుటుంబ సభ్యులపై తలకు నెలకు 100 రియాళ్ళ రుసుము మొదలై, ఏటా పెరుగుతూ 2020కి 400కు చేరింది. భార్య, ఇద్దరు పిల్లలు వెంట ఉన్న ఉద్యోగికి ఏడాదికి 14,400 రియాళ్ళు. జీతం పెరిగిందా లేదా అన్న లెక్క ఇది తీసివేశాకనే తేలుతుంది.

పదవి హద్దులను మార్చిన ఘటన మరొకటి ఉంది. 2012 ఆగస్టులో షామూన్ వైరస్ సౌదీ అరామ్‌కోలో సుమారు 30,000 కంప్యూటర్లను దెబ్బతీసింది. 2017లో జాతీయ సైబర్ భద్రతా సంస్థ ఏర్పడింది. ప్రభుత్వ సంస్థలకు, కీలక వ్యవస్థలు నడిపే ప్రైవేటు సంస్థలకు అది 2018లో జారీచేసిన నిబంధనల ప్రకారం భద్రతా విభాగం ఐటీ విభాగం నుండి వేరుగా ఉండాలి. దాని అధిపతి సౌదీ జాతీయుడై ఉండాలి. ఆయా సంస్థల్లో భద్రతను కూడా తానే చూసుకొన్న డైరెక్టర్ చేతినుండి ఒక ముఖ్య విభాగం అలా జారిపోయింది. భద్రతలో నిపుణుడైన విదేశీయుడికి ఆ విభాగపు చివరి మెట్టు అందదు.

దీనిని అన్యాయమని సరిపెట్టుకొంటే సగమే అర్థమైనట్టు. తన యువతకు పై ఉద్యోగాలు దక్కాలని ఒక దేశం కోరుకోవడం సహజం. అయితే వారికి పని నేర్పవలసినది తరచుగా ఆ కుర్చీలో ఉన్న విదేశీయుడే. తన స్థానంలోకి రాబోయేవారిని తానే తయారుచేయడం కష్టమైన పని. విషయాన్ని దాచుకొనేవారు కొన్నాళ్ళు అవసరమనిపించుకొంటారు గాని, ఆ సంస్థ దాటితే చూపుకోవడానికి వారివద్ద ఏమీ మిగలదు. పనులను రాతలో పెట్టి, బృందాన్ని నిలబెట్టినవారికి అదే తరవాతి ఉద్యోగానికి అర్హత. 2021 మార్చిలో అమలైన కార్మిక సంస్కరణలు, కొన్ని షరతులతో, యజమాని అనుమతి లేకుండానే ఉద్యోగం మారే వీలు కల్పించాయి. 2019లో వచ్చిన ప్రీమియం రెసిడెన్సీ, స్తోమత ఉన్నవారికి, స్పాన్సర్ అవసరం లేని నివాసాన్ని ఇచ్చింది. కదిలే వీలు పెరిగినకొద్దీ వెంట తీసుకువెళ్ళగల పేరుకు విలువ పెరుగుతుంది.