వరిమడిలో మీనములు

కొలదిపాటి భూమి గల యింట ఒక్క వరిపంటతో ఏడాది గడువక అప్పు పాలగుట మన మెఱుగనిది కాదు. అరుణాచలప్రదేశమందలి అపతానీ రైతులు ఒక్కమడినుండియే బియ్యమును, చోళ్లను, చేపలను ఇంటికి దెచ్చుకొనుచున్నారు. మేము మత్స్యము భుజింపని యింటివారమైనను, ఈ నేర్పు మీ కెఱిగింపదగినదని తోచి వ్రాయుచున్నాము.

దిగువ సుబన్‌సిరి జిల్లాలో, సముద్రమట్టమునకు సుమారు 5000 అడుగుల యెత్తున జిరో లోయ గలదు. అచ్చట కొండవాగుల నీటిని కాలువలకు మఱలించి, మడినుండి మడికి బాఱించుదురు. నాగలి కట్టక చేతిపనిముట్లతోనే సేద్యము చేయుట వారి యాచారము. వరి వారికి తాతలనాటిది. మడిలో చేపలను బెంచుట 1960వ దశకమున వచ్చి చేరినది. 2014లో ఈ లోయ యునెస్కోవారి ప్రపంచవారసత్వపు తాత్కాలికపట్టిక కెక్కినది.

పద్ధతి సులభము. మడి నడుమ లోతైన బోదె త్రవ్వుదురు. నాట్లు వేసి, పైరు వేరూనిన పిమ్మట బంగారుతీగ చేపపిల్లలను విడుతురు. నీరు తగ్గినపుడు అవి బోదెలో తలదాచుకొనును. నీరు పోవు తూమునకు తడిక కట్టనిచో పిల్లలు కొట్టుకొనిపోవును. చేప పురుగులను దినును, కలుపును గొఱుకును, బురదను గలచును. దాని మలము పైరునకు ఎరువగును. పైరు చేపకు నీడ నిచ్చును. గట్లపై చోళ్లు నాటుదురు. ఊక, బూడిద, పశువులపెంట మడికే చేరును. పురుగుమందు చల్లినచో చేప బ్రదుకదు. కావున ఆ ఖర్చునకు తావే లేదు.

ఈ సేద్యమునకు ధనముకంటె కనిపెట్టి చూచుట ముఖ్యము. నాట్లు, కలుపుతీత మొదలగు పనులలో అచ్చట స్త్రీలదే పెద్దచేయి. మన కొల్లేటి చుట్టుపట్ల వరిచేలు చేపలచెఱువులుగా మాఱినప్పుడు, నాట్లకూలి కలుపుకూలి చేసికొను స్త్రీలకు పని కఱవయ్యెను. జిరోలో చేప వచ్చినను వరి పోలేదు. స్త్రీ పనియు పోలేదు.

అయినను ఒక్కమాట. మనదేశమున పట్టా తఱచుగా పురుషుని పేరనే యుండును. చేపపిల్లలకై ఋణమైనను, శిక్షణమైనను ఆ పేరునే వెదకికొని పోవును. బోదెలో నీరున్నదా, తడిక జాఱినదా యని ప్రాతఃకాలమున బోయి చూచు నామె పేరు ఏ కాగితమునను గానరాదు. పనిలో పాలుగొన్నవారికి ఫలములోను పాలుండుట న్యాయము కాదా?

నీరు నిలుచు మడి గలవారు ముందుగా ఒక్కమడిలో ప్రయత్నించి చూడవచ్చును. అట్లు చేయుటకు ముందే, చేప లమ్మిన సొమ్ము ఎవరి కొంగున ముడిపడవలెనో ఇంట గూర్చుండి నిర్ణయించుకొనుడని మా మనవి.