పెద్ద ఛాయాచిత్రములకు ముద్రణయంత్రము

ఇంట ఛాయాచిత్రములను పెద్దవిగా ముద్రించుకొనదలచువారు ఇంకుజెట్ ప్రింటరు కొనుటకు ముందు అది పట్టు కాగితపు వెడల్పును విచారింపవలెను. సామాన్య యంత్రములు ఏ4 కాగితమునే గ్రహించును; 13 అంగుళముల వెడల్పు, 19 అంగుళముల పొడవు గలదానికి పెద్ద యంత్రము వలయును. అంగుళమునకు 300 బిందువుల చొప్పున చిత్రమున 3900, 5700 బిందువులుండుట మేలు; అవి లేనిచో ఎంత వెలగల యంత్రమైనను స్ఫుటత్వమును కల్పింపజాలదు.

అంతకంటె ముఖ్యమైనది సిరా. డై సిరా కాగితములోనికి ఇంకి కాంతిగా నుండును గాని, వెలుతురు సోకిన కొలది ముందుగా వెలసిపోవును. పిగ్మెంటు సిరాలోని సన్నని రేణువులు కాగితపు పైపొరను పట్టుకొని చిరకాలము నిలుచును. గోడకు వ్రేలాడదీయు తాతగారి చిత్రమునకు అదియే తగును. అది నలుపుతెలుపు చిత్రమైనచో బూడిదవన్నె సిరాయు నుండవలెను. లేనిచో నీడలలో ఎరుపో పచ్చయో తొంగిచూచును.

నెలల తరబడి వాడనిచో సిరా సూక్ష్మరంధ్రములలో ఎండి గడ్డకట్టును. అపుడు వానిని శుభ్రపరచుటకే సిరా వ్యయమగును.