లారీ ఎక్కడుందో చెప్పేది లారీయే

విజయవాడ ఆటోనగర్‌లో సరుకెత్తుకున్న లారీ కోల్‌కతా బయల్దేరింది. అన్నవరం దాటిందా, తుని దగ్గర టీకి ఆగిందా అన్నది ఓనరు ఇంట్లో కూర్చుని ఫోన్లో చూసుకుంటాడు. ఎలా అంటే, ‘పైనుంచి శాటిలైట్ చూస్తోందిగా’ అంటారు చాలామంది. నిజానికి జీపీఎస్ శాటిలైట్‌కు చూపు లేదు. కింద అలాంటి లారీ ఒకటుందన్న సంగతే దానికి తెలియదు.

జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, వినేవాళ్లున్నా లేకపోయినా రెండే సంగతులు చెబుతుంటాయి: తామెక్కడున్నాయి, టైమెంత. డ్యాష్‌బోర్డు వెనక బిగించిన చిన్న డబ్బా ఆ మాట వింటుంది. అది తనదాకా రావడానికి ఎంతసేపు పట్టిందో చూసి ఉపగ్రహం ఎంత దూరాన ఉందో లెక్కేస్తుంది. మూడు ఉపగ్రహాల దూరాలు తెలిస్తే చోటు దొరకాలి. కానీ డబ్బాలోని గడియారం చవకరకం. సంకేతం కాంతివేగంతో వస్తుంది కాబట్టి సెకనులో పదిలక్షలో వంతు తేడా వచ్చినా లెక్క 300 మీటర్లు తప్పుతుంది. ఆ తప్పును సరిదిద్దుకోవడానికే నాలుగో ఉపగ్రహం కావాలి.

ఈ ఏర్పాటు అమెరికా సైన్యానిది. మామూలు జనానికి అందే సంకేతాన్ని 2000 మే దాకా వాళ్లు కావాలనే కాస్త చెడగొట్టి పంపేవారు. అది ఆపేశాకే బండ్ల వ్యాపారానికి బాగా పనికొచ్చింది. మన ఇస్రో కూడా 2013 నుంచి సొంత ఉపగ్రహాలు పంపుతూ నావిక్ వ్యవస్థను నిలబెట్టింది.

ఇంతవరకూ లారీ తానెక్కడుందో తెలుసుకుంది, అంతే. ఓనరుకు చెప్పాలంటే డబ్బాలో సిమ్ ఉండాలి, దానికి రీచార్జి ఉండాలి, దారిలో టవరుండాలి. ఘాట్‌రోడ్డులో సిగ్నల్ పోతే మంచి డబ్బా అయితే లెక్కలన్నీ దాచుకుని తర్వాత పంపుతుంది. ఈలోగా తెరమీద చుక్క కదలదు. ‘బండి గంట నుంచి అక్కడే ఉందేంట్రా’ అని డ్రైవరుకు తిట్లు పడేది ఇలాంటప్పుడే. చుక్క పక్కన చివరిసారి కబురొచ్చిన టైము ఉంటుంది, ముందు అది చూడాలి.

డబ్బాకు మామూలుగా మూడు తీగలు కలుపుతారు: బ్యాటరీకి ఒకటి, ఎర్త్ ఒకటి, ఇగ్నిషన్‌కు ఒకటి. ఆ మూడోదే గట్టి పనిమంతురాలు. తాళం ఆన్‌లో ఉండి బండి కదలకపోతే ఇంజన్ ఊరికే తిరుగుతూ డీజిల్ తాగుతోందని తెలుస్తుంది. ట్యాంకులో సెన్సర్ కూడా పెడితే డీజిల్ మట్టం గీతగా కనిపిస్తుంది. నడిచే బండిలో ఆ గీత మెల్లగా వాలుతుంది. ఆగి ఉన్నప్పుడు నిటారుగా పడిపోతే ఎవరో పైపు వేశారన్న అనుమానం వస్తుంది. అయితే ఏటవాలు చోట బండి నిలిపినా గీత ఎగుడుదిగుడవుతుంది. ఒక్క గీత చూసి డ్రైవరును దొంగ అనేయడం అన్యాయం.

మిగతా వాడకాలు మనకు రోజూ ఎదురయ్యేవే. స్కూలు బస్సు వీధి మలుపుకొచ్చిందని తల్లికి తెలుస్తుంది. తెలంగాణ ఆర్టీసీ 2023లో తెచ్చిన గమ్యం యాప్‌లో బస్సు ఎక్కడుందో చూసుకోవచ్చు. మ్యాపు మీద కంచె గీసి, బండి అది దాటగానే మెసేజ్ వచ్చేలా పెట్టుకోవచ్చు.

2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో జరిగిన ఘోరం తర్వాత మహిళల రక్షణ కోసమూ దీన్ని ముందుకు తెచ్చారు. 2019 జనవరి 1 నుంచి రిజిస్టరయ్యే కొత్త బస్సులు, ట్యాక్సీలకు ట్రాకింగ్ డబ్బాతోపాటు ఆపద మీట కూడా ఉండాలన్నది కేంద్రం నిబంధన. ఆటోలకు మినహాయింపు ఇచ్చారు. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కోసం బిగించి, సిమ్ సంగతి వదిలేస్తే ఆ మీట ఉత్త ప్లాస్టిక్ ముక్క. అవతల పలికే మనిషి లేకపోయినా అంతే.

డ్రైవర్లు ఈ డబ్బాను కాపలావాడిలా చూస్తారు. తప్పు పట్టలేం, ఓనర్లు వాడేదీ ఎక్కువగా అందుకే. కానీ ఫ్యాక్టరీ గేటు ముందు అన్‌లోడింగ్ కోసం లారీ రెండు రోజులు పడిగాపులు పడితే, ఏ గంటకొచ్చింది, ఏ గంటకు కదిలిందన్నది కూడా ఈ డబ్బాలోనే నమోదవుతుంది. హాల్టింగ్ డబ్బుల దగ్గర పేచీ వచ్చినప్పుడు ఆ రిపోర్టు చేతిలో ఉండాల్సింది డ్రైవరుకు. అతని ఫోన్లోనూ ఆ యాప్ వేసి లాగిన్ ఇవ్వడానికి ఓనరుకు పెద్దగా ఖర్చేమీ కాదు.