బంతియాటను విడిచిన విశ్వవిద్యాలయము

పిల్లలు ఆటలలో మునిగి చదువు పాడుచేసికొనుచున్నారని తండ్రులును, పుస్తకములు పట్టుకొని కూర్చుండి చిక్కిపోవుచున్నారని తల్లులును చింతించుట ప్రతి యింటను కలదు. పరీక్షలును, ఆటలపందెములును ఒకే మాసమున వచ్చినప్పుడు ఈ చింత బడి గుమ్మము వరకు వచ్చును. ఈ వివాదమునే అమెరికా దేశమున షికాగో నగరమందలి విశ్వవిద్యాలయము డెబ్బది యేండ్లకు పైగా తనలో తాను జరుపుకొనెను. దాని ఫుట్‌బాల్ జట్టు కథ తల్లిదండ్రులు వినదగినది.

ముందుగా ఆ యాటను గూర్చి ఒక మాట. అమెరికావారు ఫుట్‌బాల్ అనునది మన బడిపిల్లలు కాలితో తన్ను ఆట కాదు. బంతి కోడిగ్రుడ్డు ఆకారమున రెండు కొనలు కూచిగా నుండును. పక్షమునకు 11 మంది. బంతిని చేతబట్టి పరుగెత్తి ఎదుటివారి గీత దాటవలెను. ఎదుటివారు వానిని పట్టి నేలగూల్చవలెను. మన చెడుగుడును చూచినవారికి ఇందలి మొరటుదనము కొంత ఊహకు వచ్చును. అయితే చెడుగుడులో ఒక్కనిని పలువురు పట్టుదురు. ఇచట ఇరువది యిద్దరును ఒకరిపై నొకరు పడుదురు.

షికాగో విశ్వవిద్యాలయమున బోధన 1892 అక్టోబరులో ప్రారంభమయ్యెను. జట్టుకూడ ఆ సంవత్సరమే పుట్టెను. మొదటి అధ్యక్షుడైన విలియం రెయినీ హార్పర్ హీబ్రూ భాషా పండితుడు. ఆయన యేల్ విశ్వవిద్యాలయమున తనకు శిష్యుడైన ఏమస్ అలాంజో స్టాగ్‌ను పిలిపించి, వ్యాయామ శాఖకు అధిపతిగ మాత్రమే గాక, ఇతర ఆచార్యులతోపాటు స్థిరమైన పదవిగల అధ్యాపకునిగ నియమించెను. కొత్త విద్యాలయమునకు పేరు రావలెనన్నచో జట్టు గెలువవలెనని హార్పర్ ఎరుగును. తొలి సంవత్సరము ఆటగాండ్రు చాలనందున స్టాగ్ తానే జట్టులో చేరి ఆడెను. మతబోధకుడు కావలెనని చదివిన ఆయన 41 సంవత్సరములు అచట శిక్షకుడుగ నుండెను.

జట్టు కీర్తికి శిఖరము 1905 నవంబరు 30. ఆనాడు ప్రత్యర్థి మిచిగన్. ఆ జట్టు 1901 నుండి 56 ఆటలలో ఓటమి ఎరుగదు. 25,000కు మించిన జనము చూచుచుండగా చాలసేపు ఎవరికిని పాయింటు లేదు. తుదకు మిచిగన్ ఆటగాడొకడు తన గీత వెనుక బంతిని అందుకొని ముందుకు రాగా, షికాగోవారు వానిని వెనుకకు నెట్టి గీతకావల పడవైచిరి. అట్లు పడినచో ఎదుటివారికి 2 పాయింట్లు. 2–0తో షికాగో గెలిచెను. హార్పర్ అప్పటికే క్యాన్సర్‌తో మంచము పట్టియుండి, కొన్ని వారములకే, 1906 జనవరిలో, మరణించెను.

ఆ 1905లోనే దేశమున ఈ యాటలో కనీసము 18 మంది యువకులు ప్రాణములు కోల్పోయిరి. అధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్ట్ స్వయముగ విశ్వవిద్యాలయముల ప్రతినిధులను పిలిచి మందలించెను. మరుసటి సంవత్సరము నిబంధనలు మారి, బంతిని ముందుకు విసరుట అనుమతింపబడెను. షికాగో చేరియున్న పశ్చిమ విశ్వవిద్యాలయముల కూటమి ఆటల సంఖ్యను 5కు తగ్గించెను. అయినను జనమునకు మోజు తగ్గలేదు. ఆటస్థలమునకు స్టాగ్ పేరే పెట్టిరి. 1924లో ఆ జట్టు కూటమిలో ఏడవ పర్యాయము, అదియే కడపటి పర్యాయము, ప్రథమ స్థానము పొందెను.

1929లో రాబర్ట్ హచిన్స్ 30 సంవత్సరముల వయస్సున అధ్యక్షుడయ్యెను. 1931 నుండి ఆయన పెట్టిన కొత్త విధానమున విద్యార్థి సమగ్రమైన పరీక్షలలో ఉత్తీర్ణుడు కావలసియుండెను. ఆటగాండ్రకొరకు తేలిక పాఠ్యములు అచట లేవు. ఇరుగు పొరుగు రాష్ట్ర విశ్వవిద్యాలయములు విద్యార్థుల సంఖ్యయందును, ఆటగాండ్ర యందును బలియుచుండగా, ఇచట జట్టు క్షీణించెను. స్టాగ్ 70 ఏండ్లు నిండినందున 1932తో విరమింపవలసివచ్చెను. ఆయనకు అది ఇష్టము లేదు. కాలిఫోర్నియాకు పోయి మరల శిక్షకుడయ్యెను. 1965లో మరణించునాటికి ఆయనకు 102 ఏండ్లు.

జట్టు దిగజారుచుండగనే ఒక విచిత్రము జరిగెను. 1935లో ఆ జట్టు 4 ఆటలు గెలిచి 4 ఓడెను. కాని అందలి జే బర్వాంగర్ అను విద్యార్థికి దేశమున ఉత్తమ ఆటగానికిచ్చు బహుమతి, తరువాత హైజ్మన్ పేరుతో ప్రసిద్ధమైనది, మొట్టమొదటిసారిగ లభించెను. 1936లో వృత్తి జట్లు పట్టా పొందువారిని వంతులవారీగ ఎంచుకొను పద్ధతి పెట్టినప్పుడు తొలుత ఎంపికయినవాడును ఆయనయే. ఆయన ఒక్క ఆటయు డబ్బుకొరకు ఆడలేదు. బహుమతిని ఆయన పినతల్లి కొంతకాలము తలుపు మూసికొనకుండ అడ్డుపెట్టుటకు ఉపయోగించెనట!

1938లో హచిన్స్ ఒక పత్రికలో వ్యాసము వ్రాసి, టిక్కెట్టును 10 సెంట్లకు తగ్గింపుడనియు, శిక్షకులకు గెలుపుతో సంబంధము లేని స్థిరపదవి ఇండనియు సూచించెను. డబ్బు పోయిన పిదప ఆట మిగులునని ఆయన వాదము. 1939లో జట్టు మిచిగన్‌తో 85–0, ఒహాయో స్టేట్‌తో 61–0, హార్వర్డ్‌తో 61–0 ఓడెను. ఆ డిసెంబరులో పాలకవర్గము ఫుట్‌బాల్ జట్టును రద్దుచేసెను. తప్పు శిక్షకునిదని కొందరనుకొనిరి. కాని ఆ శిక్షకుడు క్లార్క్ షానసీ మరుసటి సంవత్సరమే స్టాన్‌ఫర్డ్‌కు పోయి ఒక్క ఓటమియు లేక గెలిపించెను.

ఖాళీయైన ఆటస్థలమున పడమటి మెట్లక్రింద 1942 డిసెంబరు 2న ఎన్రికో ఫెర్మీయు ఆయన సహచరులును గ్రాఫైటు దిమ్మెలును యురేనియమును పేర్చి, అణువిచ్ఛేదన పరంపరను మొదటిసారి అదుపులో నడిపించిరి. ఆట పోయి శాస్త్రము వచ్చెనని దీనిని చదువు విజయముగ చెప్పువారు కలరు. నా మట్టుకు అది తొందరపాటు. నగరము వెలుపల కట్టుచున్న భవనము సమ్మెవలన ఆలస్యమైనందుననే వారచటికి వచ్చిరి. ఆ ప్రయోగము తుదకు బాంబుల తయారీకి దారితీసినదనియు మరువరాదు. 1957లో మెట్లు కూల్చిరి. ఆ స్థలముననే కట్టిన గొప్ప గ్రంథాలయము 1970లో తెరువబడెను.

విద్యార్థులలో ఆడగోరువారు మాత్రము మిగిలియే యుండిరి. 1963లో వారు అనధికారముగ ఆడుచుండగా, జట్టు మరల పాతదారి పట్టునని వెరచిన తోటి విద్యార్థులు ఆటస్థలముమధ్య కూర్చుండి ఆటను ఆపిరి. 1969లో అధికారికముగ జట్టు మరల వచ్చెను. కాని పూర్వపు మహాకూటమిలోనికి కాదు. ఆ కూటమిని షికాగో 1946లోనే విడిచెను. ఇప్పుడది ఆటకై విద్యార్థివేతనము లియ్యని మూడవ తరగతి పోటీలలో ఆడుచున్నది. ఆడువారు అందరివలెనే ప్రవేశము పొంది, అందరి పరీక్షలే వ్రాయుదురు. స్టాగ్ పేరు మరియొక చిన్న స్థలమునకు మారినది. బర్వాంగర్ బహుమతి తలుపుచెంతనుండి విశ్వవిద్యాలయపు వ్యాయామ భవనములోని అద్దాల పెట్టెలోనికి చేరినది.