నిలిపియుంచిన బండి బ్యాటరీ ఏల దిగిపోవును?

ముంగారు తొలివాన కురిసిన మరునాడు ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలో బాడుగ ట్రాక్టరు దొరకుట ఎంత కష్టమో మన సంఘ సభ్యులకు వేరుగ చెప్ప నక్కరలేదు. నల్లరేగడిలో విత్తుటకు తగిన పదును నాలుగు దినములు నిలుచుటయే గొప్ప. అట్టి సమయమున, వేసవి యంతయు పాకలో నిలిపియుంచిన స్వంత ట్రాక్టరు, తాళము త్రిప్పగా టక్కుమని ఒక్క చప్పుడు చేసి యూరకుండినచో రైతు పడు అవస్థ ఇంతంత కాదు. అతడు వెంటనే పట్టణమునకు పోయి క్రొత్త బ్యాటరీ కొని తెచ్చును. మరుసటి యేట ఆ క్రొత్తదియు అట్లే దిగిపోవును. కారు, జీపు, సరకుల ఆటో కలవారికిని ఇదే యనుభవము. సుగ్గికి గుంటూరు సీమకు పోయి మూడు నెలలకు తిరిగివచ్చినవాని బండి సంగతి చెప్పనే వలదు.

బ్యాటరీ యనునది విద్యుత్తునకు చెరువువంటిది. చెరువు మూడు కారణములచేత ఎండును. వాగునుండి నీరు రాకపోవుట యొకటి, కట్టకు బుంగ పడుట యొకటి, పూడిక నిండి నీరు నిలువకపోవుట యొకటి. బ్యాటరీకిని ఈ మూడే. ఇంజను తిరుగునపుడు డైనమో (ఇప్పటి బండ్లలో దీనినే ఆల్టర్నేటరందురు) నింపకపోవచ్చును. బండి నిలిచియున్నపుడు ఏదో వైరుగుండ కరెంటు కారిపోవుచుండవచ్చును. లేక బ్యాటరీయే ముదిరి పట్టుతప్పి యుండవచ్చును. పూడిక నిండిన చెరువునకు కట్ట పూడ్చినను, బుంగ పడిన చెరువునకు పూడిక తీసినను ఫలము లేదు గదా. కావున మొదట ఏ దోషమో తేల్చుకొనవలెను.

పూడిక యనగా నేమో కొంచెము వివరించెదను. 1859లో ఫ్రాన్సు దేశీయుడగు గాస్టన్ ప్లాంటే కనిపెట్టిన పద్ధతియే నేటికిని మన బండ్లలో నడుచుచున్నది. సీసపు పలకలు, నీరు కలిపిన గంధకికామ్లము, ఇంతే. కరెంటు బయటికి పోవుకొలది ఆమ్లములోని సారము పలకలకు అంటుకొని సీసపు గంధకితమగును, మిగిలిన ద్రవము పలుచనగును. వెంటనే ఛార్జి చేసినచో ఆ పొర కరగి సారము మరల ద్రవములో కలియును. కాని దిగిన బ్యాటరీని వారముల తరబడి అట్లే విడిచినచో ఆ పొర గట్టిపడి స్ఫటికములై, ఎంత ఛార్జి చేసినను కరగదు. అనగా బ్యాటరీకి చేటు ఒకమారు దిగుటవలన కంటె దిగి యుండిపోవుట వలననే యెక్కువ. బండిలోని బుంగను పూడ్చక బ్యాటరీని మార్చువాడు క్రొత్తదానిని గూడ అదే చావునకు అప్పగించుచున్నాడు.

ఇక పరీక్ష. దీనికి కావలసినవి ఛార్జరు, వోల్టులు చూపు చిన్న మీటరు, ఒక స్పానరు, మూడు దినముల ఓపిక. బ్యాటరీని రాత్రియంతయు నిండుగ ఛార్జి చేయుడు. తరువాత పండ్రెండు గంటలు కదలింపక విడిచి మీటరుతో చూడుడు. ఛార్జరు తీసిన వెంటనే చూచిన అంకె నమ్మరాదు, అది పొంగువంటిది. ఆరోగ్యముగల బ్యాటరీ 12.6 లేక 12.7 వోల్టులు చూపును. 12.4 అనిన ముప్పాతిక, 12.2 అనిన సగము, 12.0 అనిన పాతిక మాత్రమే మిగిలినదని యెరుగుడు. ఇప్పుడు మైనస్ వైరును బ్యాటరీనుండి ఊడదీసి మూడు దినములట్లే ఉంచుడు. ఏ వైరును లేకయే 12.4కు దిగువకు జారినచో దోషము బ్యాటరీదే. జారక నిలిచి, బండికి తగిలించినపుడు మాత్రమే దిగుచున్నచో బుంగ బండిలో నున్నదని తేలినది.

మూతలుగల బ్యాటరీ యైనచో హైడ్రోమీటరు మరియొక సాక్షి. నిండిన గదిలో 1.265 ప్రాంతమును, సగము దిగినచో 1.190 ప్రాంతమును చూపును. ఆరు గదులలో ఐదు సమానముగనుండి, ఒకటి మాత్రము 0.050 తక్కువ చూపినచో ఆ గది చెడినది, దానికి వైద్యము లేదు. వోల్టులు సరిగనుండియు సెల్ఫు తిరుగనిచో, ఒకరు తాళము త్రిప్పుచుండగా మరియొకరు మీటరు చూడవలెను. 9.6కు దిగువకు పడినచో బ్యాటరీ బరువు మోయలేకున్నదని అర్థము. పడకయే సెల్ఫు తిరుగనిచో టెర్మినళ్లపై పేరుకొన్న తెల్లని, పచ్చని ఉప్పును వంటసోడా నీటితో కడిగి, బిగించి చూడుడు. ఇంత చిన్న పనికై బ్యాటరీ మార్చినవారిని నేనెరుగుదును.

బుంగను వెదకు విధము దీనికంటె వినోదకరము. ఎమ్మిగనూరు దాపున ఒక రైతు రెండేండ్లలో రెండు బ్యాటరీలు కొని, మూడవదానికి డబ్బు కట్టుటకు సిద్ధముగ నుండగా నన్ను పిలిచెను. ట్రాక్టరులో తాళము తీసిన పిదప కరెంటు వాడు వస్తువు లేనేలేదని ఆయన ప్రమాణము చేసి చెప్పెను. మైనస్ వైరు నూడదీసి, ఆ వైరునకును బ్యాటరీ మైనస్‌నకును నడుమ 5 వాట్ల 12 వోల్టుల బల్బును కలిపితిమి. తాళము జేబులో నుండగనే బల్బు వెలిగినది! ఫ్యూజులను ఒక్కొక్కటిగ తీసితిమి, బల్బు ఆరలేదు. ఏ ఫ్యూజు తీసినను ఆరనిచో కరెంటు ఫ్యూజు పెట్టెను దాటిపోవుచున్నదని గ్రహింపవలెను. వైరు వెంట పోగా, జాతరకు ముందు అమర్చిన పాటల పెట్టెయొక్క ఆంప్లిఫయరు తిన్నగ బ్యాటరీకే తగిలించబడి యున్నది. పాట ఆపినను దాని లోపలి భాగము మేలుకొనియే యుండెను. ఆ వైరు నూడదీయగనే బల్బు ఆరినది. మరునాడు ఎలక్ట్రీషియనుచేత దానిని తాళముతో పనిచేయు రిలేకు మార్పించిరి. ఆ రైతునకు పాటయు మిగిలినది, బ్యాటరీయు మిగిలినది.

ఎంత కారినచో ఎంత నష్టమో లెక్క చూడుడు. కారు తలుపు సరిగ పడక లోపలి 5 వాట్ల దీపము వెలుగుచుండెనేని అది 0.4 ఆంపియరు మాత్రమే. కాని దినమునకు 10 ఆంపియరు-గంటలగును. 40 ఆంపియరు-గంటల కారు బ్యాటరీ మూడవనాటికి సెల్ఫు త్రిప్పలేదు, నాలుగవనాటికి ఖాళీ. క్రొత్త కార్లలో గడియారమునకు, తాళపు యంత్రములకు 0.05 ఆంపియరువరకు పోవుట సహజము. అదియైనను దినమునకు 1.2 చొప్పున నెలకు 36 ఆంపియరు-గంటలు. కావున నెల దినములు కదలని కారు ఏ దోషము లేకయే దిగిపోవచ్చును. దానికి ఎవ్వరిని నిందించినను లాభము లేదు. ఇట్టి కార్లను పరీక్షించునపుడు తలుపులు మూసి అరగంట వేచి, మీటరును 10 ఆంపియర్ల గుంటలో పెట్టి బల్బువలెనే నడుమ కలిపి చూడవలెను. మీటరు అట్లున్నపుడు సెల్ఫు త్రిప్పరాదు, మీటరు కాలిపోవును.

బ్యాటరీయు మంచిదై, బుంగయు లేనిచో మిగిలినది డైనమో. ఇంజను కొంచెము వేగముగ తిరుగుచుండగా బ్యాటరీ కొనలవద్ద 13.8 మొదలు 14.4 వరకు వోల్టులుండవలెను. లేనిచో బెల్టు వదులైనదేమో మొదట చూడుడు. వారమున కొకమారు ఐదు నిమిషములు స్టార్టు చేసి ఆపుటచే బ్యాటరీ నిండునని పలువురి నమ్మిక. ఇంజను మెల్లగ తిరుగునపుడు డైనమో ఇచ్చునది స్వల్పము. అరగంట సేపు దారిన నడపుటయే మేలు.

చేయు జాగ్రత్తలు మరువరాదు. మైనస్ వైరును మొదట తీసి, చివర తగిలింపవలెను. ప్లస్ విప్పునపుడు స్పానరు ఇనుపభాగమునకు తగిలినను అప్పుడు మెరుపు రాదు. ఛార్జి అగు బ్యాటరీనుండి జలవాయువు వెడలును గావున దగ్గర బీడీ కాల్చరాదు. ఆమ్లము మీదపడినచో వెంటనే విస్తారముగ నీటితో కడుగవలెను. గదులలో డిస్టిల్డ్ వాటరు తప్ప మన ఉప్పు బావుల నీరు పోయరాదు. బ్యాటరీని నేలపై పెట్టిన దిగునను మాట పాత కొయ్యపెట్టెల కాలపుది, నేటి ప్లాస్టిక్ పెట్టెలకు వర్తింపదు.

వేడి బ్యాటరీకి శత్రువు. ఊరక యున్నను లోలోపల కొంత తరుగును; ఆ తరుగుదల ప్రతి పది డిగ్రీల వేడికి ఇంచుమించు రెట్టింపగును. ఆదోని మేనెల ఎండ మీరెరిగినదే. కావున బండిని వేపచెట్టు నీడను నిలిపి, ట్రాక్టరైనచో కటాఫ్ స్విచ్చి వేయించుకొని, నెలకొకమారు మీటరుతో చూచి 12.4కు తగ్గినచో ఛార్జి చేయుడు. పూర్వము ఇంజనును చేతి హ్యాండిలుతో త్రిప్పెడివారు. 1912లో అమెరికాలో కాడిలాక్ కార్లతో, చార్లెస్ కెట్టరింగ్ నిర్మించిన కరెంటు సెల్ఫు వాడుకలోనికి వచ్చిన పిదప ఆ కష్టము క్రమముగ తీరినది, బ్యాటరీపై ఆధారపడుటయు వచ్చినది. మిట్టమీద నిలిపి, జార్చి స్టార్టు చేయు మన పల్లెపద్ధతి మంచిదే గాని గేరు తనంతట మారు కార్లకు అది పనికిరాదు.

మీటరు, హైడ్రోమీటరు, ఛార్జరు ఇంటింటికి కొననక్కరలేదు. 1938లోనే మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరులో చేనేతవారి సహకార సంఘమును స్థాపించిరి. కలిసి కొనుట, కలిసి వాడుట ఈ ప్రాంతమునకు క్రొత్త కాదు. ప్రతి గ్రామ సంఘమును ఈ మూడు వస్తువులను కార్యాలయమున ఉంచి, తీసికొనిపోవువారి పేరు పుస్తకమున వ్రాసికొన్న చాలును. ఛార్జరు ముంగారునకు ముందు చాలమందికి ఒక్కమారే కావలసియుండును గనుక వైశాఖములోనే వరుస వేసికొనవలెను.