సొరుగులో నిద్రపోతున్న బంగారం

మన ఇళ్లలో బీరువా అరలోనో, టీవీ కింది సొరుగులోనో పాత సెల్‌ఫోన్ ఒకటైనా ఉంటుంది. తెర పగిలిందనో, ఛార్జింగ్ నిలవడం లేదనో పక్కన పెట్టేస్తాము. అందులో బంగారం, వెండి, పల్లాడియం, రాగి ఉన్నాయన్న సంగతి మనలో చాలామందికి తెలియదు.

బంగారం తుప్పు పట్టదు, కరెంటును చక్కగా పారనిస్తుంది. అందుకే ఫోన్ లోపలి సర్క్యూట్ బోర్డుపై, కనెక్టర్లపై పల్చని బంగారు పూత వేస్తారు. ఒక్క ఫోన్‌లో ఉండేది లేశమే. అయినా టన్ను బంగారు ఖనిజంలో సాధారణంగా కొన్ని గ్రాముల బంగారం ఉంటే, టన్ను పాత ఫోన్లలో వందల గ్రాములు ఉంటుంది. టోక్యో ఒలింపిక్స్ కోసం జపాన్ ప్రజలు 2017 నుండి 2019 వరకు సుమారు 62 లక్షల పాత ఫోన్లను, వాటితోపాటు వేల టన్నుల చిన్న ఎలక్ట్రానిక్ వస్తువులను ఇచ్చారు. వాటి నుండి 32 కిలోల బంగారం, 3,500 కిలోల వెండి వచ్చాయి. దాదాపు 5,000 పతకాలు అలా తయారైనవే.

ఈ లోహాలను తీసే సరైన పద్ధతి ఏమిటి? మొదట బ్యాటరీని వేరుచేస్తారు. నలిగితే అది మండుతుంది. తర్వాత బోర్డులను ముక్కలు చేసి పెద్ద కొలిమిలో కరిగిస్తారు. వెలువడే విషవాయువులను పట్టి శుద్ధి చేస్తారు. కరిగిన రాగి బంగారాన్ని, వెండిని తనలో కలుపుకుంటుంది. ఆ రాగిని పలకలుగా పోసి, ద్రావణంలో ముంచి కరెంటు పంపితే స్వచ్ఛమైన రాగి ఎదుటి పలకకు చేరుతుంది. బంగారం, వెండి అడుగున మడ్డిగా దిగుతాయి. ఆ మడ్డిని శుద్ధి చేస్తారు. హైదరాబాద్‌లోని సీ-మెట్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ కూడా బోర్డుల నుండి లోహాలు తీసే సాంకేతికతను రూపొందించింది.

అదే బంగారాన్ని తీసే మరో దారి ఉంది. ఢిల్లీలోని సీలంపూర్‌లో, ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్‌లో పేద కుటుంబాలు పాత బోర్డులను చేతులతో ఊడదీసి, ఆరుబయట కాల్చి, ఆసిడ్‌లో కడిగి లోహాలు తీస్తూ వచ్చాయి. సీసం కలిసిన పొగ వారి ఊపిరితిత్తులలోకి, మిగిలిన ఆసిడ్ కాలువల్లోకి పోతాయి. సీసం అందరికంటే ఎక్కువగా చిన్నపిల్లల మెదడుకు హాని చేస్తుంది. 2022లో ప్రపంచమంతటా 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పోగైతే, సక్రమంగా రీసైకిల్ అయినట్టు లెక్కకు వచ్చింది పావువంతు కూడా లేదు.

కాబట్టి మన ఫోన్ ఏ దారిన వెళ్తుందన్నదే అసలు ప్రశ్న. పాత సామాన్ల బండికి వేసిన ఫోన్ ఎవరి చేతికి చేరుతుందో మనకు కనబడదు. కనబడని ఆ మనిషి కూడా మన పొరుగువాడే.

మనం చేయగలిగింది కష్టమైనదేమీ కాదు. బాగుచేయించి వాడగలిగితే వాడుదాం, లేదా అవసరమున్నవారికి ఇద్దాం. ఎంత మంచి కొలిమి అయినా ఫోన్‌లోని లోహాలన్నిటినీ తిరిగి ఇవ్వలేదు. పనికిరానిదైతే సిమ్, మెమరీ కార్డు తీసి, మన వివరాలన్నీ చెరిపి, కాలుష్య నియంత్రణ మండలిలో నమోదైన రీసైక్లర్‌కు లేదా ఫోన్ కంపెనీ సేకరణ కేంద్రానికి ఇద్దాం. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న నిబంధనల ప్రకారం ఈ వ్యర్థాల రీసైక్లింగ్ బాధ్యత తయారీదారులదే.

సంఘాల్లో యవ్వనస్థులు, స్త్రీల సమాజం కలిసి ఏడాదికి ఒక ఆదివారం పాత ఫోన్లు సేకరించవచ్చు. అయితే ఉబ్బిన బ్యాటరీలను కుప్పలో వేయనివ్వకండి, నమోదైన రీసైక్లర్‌కే అప్పగించి రసీదు తీసుకోండి. ఆ రసీదును సంఘానికి చదివి వినిపిస్తే, మరుసటి ఏడు మరిన్ని సొరుగులు తెరుచుకుంటాయి.